నిలిపిన బండిలో బ్యాటరీ ఏల దిగిపోవును?

నల్లచెరువు కదిరినుండి మదనపల్లెకు పోవు దారిలోని ఊరు. పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఊరి పేరులోనే చెరువు ఉన్నది. చెరువును నమ్ముకొని బ్రదికిన సీమలో రైతునకు ఒక విషయము ఎవరును నేర్పకుండగనే తెలియును. తూము ఎవరును ఎత్తలేదు, పొలములకు నీరు పారలేదు. అయినను చెరువులో మట్టము దినదినమును తగ్గుచున్నది. అప్పుడు రైతు మొట్టమొదట కట్టవెంట నడచును. తూము సరిగా మూసికొన్నదా, కట్టలో ఎలుక బొరియ పడినదా, కట్టకు దిగువన నేల చెమ్మగిలినదా అని చూచును. నీరు ఎక్కడ పోవుచున్నదో కనుగొన్న పిమ్మటనే మట్టితట్ట ఎత్తును.

నేడు మేము ముచ్చటింపదలచినది చెరువును గూర్చి కాదు, బ్యాటరీని గూర్చి. తాళము తీసి, తలుపులు మూసి, నిలిపియుంచిన బండిలో బ్యాటరీ తనంతట తాను ఏల ఖాళీ యగునో, ఆ కారణమును ఎట్లు కనుగొనవలెనో చెప్పుదుము. ఇండ్లవంటి పెద్ద బండ్లు, అనగా క్యారవానులు, మన శ్రోతలలో కొందరికే ఉండును. అయినను ఇక్కడ చెప్పు పద్ధతి కారునకు, ట్రాక్టరునకు, ఆటోకు కూడ వర్తించును. వాల్వు రేడియోల కాలమున పల్లెలలోని పెద్దలు బ్యాటరీని పట్టణమునకు మోసికొనిపోయి, చార్జి చేయించి, మరల మోసికొని వచ్చి వార్తలు వినిన రోజులు కలవు. బ్యాటరీలోనిది చూచి వాడుకొనవలసిన నిలువ యని ఆనాటి శ్రోతలకు చెప్పవలసిన పని లేకుండెను.

కొన్ని ఏండ్ల క్రిందట ఫాల్గుణమాసమున, కదిరి శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవమునకు బెంగుళూరునుండి మా మిత్రుల కుటుంబము క్యారవానులో బయలుదేరినది. మేమును వారితో నుంటిమి. బంధువుల పొలము నల్లచెరువు దాపున నుండుటచే శనివారము సాయంకాలము బండిని అక్కడ ఒక చింతచెట్టు నీడను నిలిపితిమి. మిత్రుని తల్లిగారు వయస్సు మీరినవారు. ఆమెకు చక్కెరవ్యాధి, దినమునకు రెండు పూటల ఇన్సులిన్ సూది. నెలకు సరిపడు మందు బండిలోని చిన్న ఫ్రిజ్జులో నుండెను. కదిరికి రాకపోకలన్నియు బంధువుల జీపులో జరిగినవి. క్యారవాను మూడు రాత్రులు కదలలేదు.

మంగళవారము తెల్లవారి డ్రైవరు తాళము త్రిప్పగా "టక్, టక్" అను చప్పుడు తప్ప మరేమియు లేదు. సెల్ఫు తిరుగలేదు. లోపల చూడగా ఫ్రిజ్జుకూడ ఆగియుండెను. ఎప్పుడు ఆగినదో ఎవరికిని తెలియదు.

మిత్రునకు కోపము వచ్చినది. "రాత్రి లైటు వేసి మరచిపోయినావు గదప్పా!" అని నలుగురిలో డ్రైవరుపై విసుగుకొనెను. డ్రైవరు ఇరువదియేండ్ల కుర్రవాడు. "లేదన్నా, అన్నీ ఆర్పేసే పండుకున్యా" అని ఒక్కమారు చెప్పి ఊరకుండెను. ఇంకొకరు, "రెండు బ్యాటరీలూ మార్చివేయండి, పీడ పోవును" అనిరి. కొత్త బ్యాటరీలు రెండనగా వేలరూపాయల మాట. ఒక నింద మనిషిపై పడినది, ఒక నింద బ్యాటరీలపై పడినది. రెండింటికిని పరీక్ష మాత్రము జరుగలేదు.

మందును ముందుగా బంధువుల ఇంటి ఫ్రిజ్జునకు చేర్చితిమి. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున ఉంచవలెను. వేడిమికి శక్తి తగ్గును, గడ్డకట్టినచో పనికిరాదు. వైద్యుని ఫోనులో అడుగగా, ఒక రాత్రి ఫ్రిజ్జు ఆగినంతమాత్రమున మందు చెడదని ధైర్యము చెప్పిరి. ఊరు చెంతనే ఉన్నందున సరిపోయినది. ఇదే ఘాటురోడ్డు నడుమ జరిగియున్నచో ఏమియయ్యెడిదో అను తలపు ఆ పూట అందరి మనస్సులలోను మెదలినది.

ఇక్కడ క్యారవాను ఏర్పాటును కొంచెము వివరింపవలెను. చక్రములపై ఇల్లు అను ఊహ తెలుగువారికి కొత్తది కాదు. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావుగారు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి, దానికి చైతన్యరథమని పేరిడి, రాష్ట్రమంతట పర్యటించిరి. కుమారుడు హరికృష్ణగారు దానిని నడిపిరి. ఆ బండియే వారికి సభావేదిక, ఆ బండియే విడిది. తరువాత 1985, 1989, 1994 ఎన్నికలలో హిందూపురము వారినే శాసనసభకు పంపినది. నేడు సినిమా చిత్రీకరణలకు వచ్చు క్యారవానులను చూడనివారు అరుదు. వాటి చెంత తరచుగా జనరేటరు పనిచేయుచుండును. జనరేటరు లేని కుటుంబపు బండికి మాత్రము బ్యాటరీయే దిక్కు.

ఇట్టి బండిలో సాధారణముగా రెండు బ్యాటరీలుండును. మొదటిది ఇంజను బ్యాటరీ. సెల్ఫును త్రిప్పుటకు కొన్ని క్షణములపాటు వందలకొలది ఆంపియర్ల ప్రవాహమును ఇచ్చును. రెండవది ఇంటి బ్యాటరీ. దీపములు, పంకా, నీటి పంపు, ఫ్రిజ్జు, ఇన్వర్టరు దానిపై నడచును. ఇంజను తిరుగుచుండగా డైనమో రెండింటిని నింపును. ఇంజను ఆగగానే రెండింటి నడుమనున్న రిలే అను మీట వాటిని విడదీయవలెను. చెరువు భాషలో చెప్పినచో, రెండు చెరువుల నడుమ ఒక తూము. వరద వచ్చునప్పుడు తెరచికొనును, వరద తగ్గగనే మూసికొనును. ఇంటివాడుకలో ఒక చెరువు ఎండినను రెండవ చెరువు నిండుగా నుండి, తెల్లవారి ఇంజను కదలవలెనన్నది దాని ఉద్దేశము.

బంధువులు ఊరిలోని మేస్త్రీని పిలిపించిరి. బోరు మోటార్ల స్టార్టర్లు, ట్రాక్టర్ల వైరింగు బాగుచేయుట ఆయన వృత్తి. ఆయన సంచిలోనుండి చిన్న మీటరు తీసి, "బ్యాటరీ మార్చేది యాడికీ పోదు సార్. కరెంటు యాడికి పోతాందో ముందు సూద్దాం" అనెను. ఆ ఒక్క మాటలో ఈ ప్రసంగ సారమంతయు ఇమిడియున్నది. ఆయన వరుసగా మూడు ప్రశ్నలు వేసికొనెను. ఆ క్రమమునే మనమును పాటింపవచ్చును.

మొదటి ప్రశ్న: బ్యాటరీలో ఎంత ఉన్నది? సీసపుపలకల బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. దాని సంతతియే నేటికిని మన బండ్లలో పనిచేయుచున్నది. చార్జి యయిన తరువాత కొన్ని గంటలు విశ్రాంతినిచ్చి కొలిచినచో, 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నుండగా 12.6 లేక 12.7 వోల్టులు చూపును. 12.4 అయినచో సుమారు ముప్పాతిక, 12.2 అయినచో సగము, 12.0 అయినచో పాతిక మిగిలినదని స్థూలముగా ఎంచవచ్చును. 11.8కి దిగువ దాదాపు ఖాళీయే. ఇంజను ఆపిన వెంటనే కొలిచినచో అంకె ఎక్కువగా కనబడి మోసపుచ్చును. బస్సులు, లారీలవలె 24 వోల్టుల ఏర్పాటున్న బండ్లలో ఈ అంకెలను రెట్టింపు చేసికొనవలెను. లిథియం బ్యాటరీలకు మాత్రము ఈ లెక్క పనికిరాదు. అవి దాదాపు ఖాళీ యగువరకు ఒకే వోల్టేజిని చూపుచుండును.

ఆ ఉదయము ఇంజను బ్యాటరీ 11.6 వోల్టులు చూపినది. ఇంటి బ్యాటరీయు 11.6 చూపినది. మేస్త్రీ ఆ అంకెలను చేతిపై వ్రాసికొని, "రెండూ ఒకే లెక్క సూపిస్తాండాయి, ఇది గుర్తుపెట్టుకోండి" అనెను. ఆ మాట అప్పటికి మాకు అర్థము కాలేదు.

రెండవ ప్రశ్న: పోసినదానిని బ్యాటరీ నిలుపుకొనుచున్నదా? కుండకే చిల్లి యున్నచో తూములు వెదకి ఫలములేదు. ఇందుకై బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, తీగెలన్నియు విడదీసి, ఒక రాత్రి గాని, ఒక దినము గాని ఒంటరిగా నుంచి కొలువవలెను. అంకె నిలిచినచో కుండ గట్టిదే. ఒంటరిగా నున్నప్పుడే వోల్టేజి పడిపోయినచో దోషము బ్యాటరీదే, దానిని మార్చక తప్పదు. మంచి బ్యాటరీకి సైతము నెలకు నూటికి కొన్ని పాళ్లు తనంతట తాను తగ్గు స్వభావము కలదు. వేడిమి సుమారు 10 డిగ్రీలు పెరిగినచో ఆ తగ్గుదల ఇంచుమించు రెట్టింపగును. అనంతపురము సీమ ఎండలలో బండిని నెలలకొలది నిలుపువారు ఈ సంగతి మరువరాదు. బ్యాటరీ పైభాగమున చేరిన దుమ్ము, ఆమ్లపు తడికూడ రెండు టెర్మినల్‌ల నడుమ సన్నని దారి ఏర్పరచి కొంత విద్యుత్తును కార్చును. మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీటిలో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టినచో అది పోవును; ఆ నీరు లోపలికి మాత్రము పోరాదు.

మంగళవారమంతయు బంధువుల ఇంట రెండు బ్యాటరీలను వేరువేరుగా చార్జి చేసి, రాత్రి ఒంటరిగా నుంచితిమి. బుధవారము ఉదయమున ఒకటి 12.6, రెండవది 12.5 చూపినవి. బ్యాటరీలపై పడిన నింద అంతటితో తొలగినది. వేలరూపాయలు మిగిలినవి.

మూడవ ప్రశ్న: నిలిచిన బండిలో ఎంత ప్రవాహము పోవుచున్నది, ఏ దారిని పోవుచున్నది? ఈ పరీక్షకు ఓర్పు కావలెను. బండిని రాత్రి నిలిపినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉంచి, తాళపుచెవి దూరముగా పెట్టి, తలుపులు మూయవలెను. బ్యాటరీ నెగటివు తీగెను విప్పి, ఆ తీగెకును టెర్మినల్‌కును నడుమ ఆంపియర్లు కొలుచు మీటరును చేర్చవలెను. మీటరును మొదట 10 ఆంపియర్ల స్థానముననే ఉంచవలెను. మీటరు నడుమ నున్నంతసేపు తాళము త్రిప్పరాదు. త్రిప్పినచో సెల్ఫు ప్రవాహము మీటరును కాల్చివేయును. ఈ కాలపు బండ్లలో చిన్న కంప్యూటర్లు కలవు; అవి నిద్రించుటకు అరగంట, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అంతవరకు కనబడు అంకెను లెక్కకు తీసికొనరాదు. నడుమ తలుపు తెరచినచో అవి మరల మేల్కొనును.

అంతయు నిద్రించిన పిమ్మట ఇంజను బ్యాటరీనుండి 20 మొదలు 50 మిల్లీఆంపియర్లు పోవుట సహజము. గడియారము, తాళపు ఏర్పాటు, రేడియో జ్ఞాపకశక్తి వీనికి ఆ మాత్రము అవసరము. 50 మిల్లీఆంపియర్లనగా దినమునకు 1.2 ఆంపియరు-గంటలు. 80 ఆంపియరు-గంటల బ్యాటరీ సగమగుటకు నెలదినములు దాటును. అదే అర ఆంపియరు పోయినచో దినమునకు 12 ఆంపియరు-గంటలు. నాలుగవ దినము ముగియకముందే సగము పోవును. ఈ చిన్న గుణకారము ఏ నిందకైనను తగిన తూనికరాయి.

మేస్త్రీ పరీక్షించినప్పుడు ఇంజను బ్యాటరీవద్ద అంకె అర ఆంపియరు దగ్గర నిలిచెను. కొంతసేపటికి ఎవరును ఏమియు ముట్టకుండగనే రెండున్నరకు లేచెను. కొన్ని నిమిషములకు మరల అరకు దిగెను. ఒక పద్ధతిలో లేచి పడునది ఏదియో బండిలో నున్నదన్నమాట. అట్లు తనంతట తాను నడచి ఆగునది ఫ్రిజ్జు. కాని ఫ్రిజ్జు ఇంటి బ్యాటరీది గదా, ఇంజను బ్యాటరీవద్ద దాని అడుగుజాడ ఏల కనబడవలెను?

అప్పుడు ఫ్యూజుల వంతు వచ్చినది. డ్రైవరు సీటు చెంతనున్న పెట్టెలోని ఫ్యూజులను ఒక్కొక్కటిగా పెరికి, అంకెను చూచి, మరల గుచ్చుచు వచ్చెను. ఏ ఫ్యూజు తీయగా అంకె ఒక్కసారి పడునో దొంగ ఆ దారిలో నున్నట్లు. ఇక్కడ ఏ ఫ్యూజు తీసినను అర ఆంపియరు కదలలేదు. అనగా విద్యుత్తు ఫ్యూజు పెట్టెకు రాకుండ మరొక దారిని పోవుచున్నది. అట్టివి ముఖ్యముగా రెండు: డైనమోకు పోవు లావు తీగె, రిలేకు పోవు లావు తీగె. డైనమోలోని డయోడు చెడినచో నిలిచిన బండిలో విద్యుత్తు వెనుకకు కారుట కలదు. మేస్త్రీ రెండు బ్యాటరీల నెగటివు తీగెలను విప్పి, రిలే తీగెను తీసి కొనకు గుడ్డపట్టీ చుట్టి, మీటరును మరల చేర్చెను. అంకె 0.03 ఆంపియరు. అనగా 30 మిల్లీఆంపియర్లు, సహజమైన దానిలోనిదే.

రిలే మూత విప్పి చూడగా లోని రెండు రాగి మొనలు వేడికి కరగి ఒకదానికొకటి అతుక్కొనియుండెను. ఇంజను ఆగినను తూము మూసికొనలేదు. ఇంటి వాడుకయంతయు రెండు బ్యాటరీలను కలిపి త్రాగినది. మొదటి ఉదయమున రెండును సరిగా 11.6 చూపుటలోని అర్థము అప్పుడు మాకు తెలిసినది. వేరువేరు వయస్సులు, వేరువేరు పనులుగల రెండు బ్యాటరీలు వేరువేరుగా ఎండినచో ఒకే అంకె చూపుట అరుదు. నడుమ కాలువ తెరచియున్న రెండు చెరువులలోనే మట్టము సమానముగా నిలుచును.

లెక్కయు సరిపోయినది. ఫ్రిజ్జు నడచునప్పుడు 4 ఆంపియర్లు. కాలములో మూడవవంతు నడచినదనుకొన్నచో సగటున 1.3. ఇన్వర్టరుకు ఏమియు తగిలింపకున్నను స్విచ్చి వేసియుంచిన పాపమునకు 0.8. గ్యాసు వాసన పట్టు పరికరమునకు 0.1. మొత్తము సుమారు 2.2 ఆంపియర్లు. శనివారము సాయంకాలమునుండి మంగళవారము తెల్లవారువరకు 60 గంటలు. అనగా 130 ఆంపియరు-గంటలకు పైగా. రెండు బ్యాటరీలకు కలిపి కాగితముపై 180 ఉన్నను, కొంత పాతబడినవి గనుక నిజముగా దక్కునది అంతకంటె తక్కువ. బండి కప్పుపై సూర్యఫలకము లేకపోలేదు. కాని మేము చల్లదనమునకై చింతచెట్టు క్రింద నిలిపితిమి. ఫలకముపై కొంతభాగము నీడపడినను ఉత్పత్తి మిక్కిలి పడిపోవును. కదిరి ప్రాంతముననే నంబులపూలకుంటవద్ద 2016లో 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. అంతటి ఎండగల సీమలో ఎండకు దాగి, విద్యుత్తు లేదని వగచితిమి.

మరి డ్రైవరు మాట? బండిలోని చిన్న ఎల్.ఇ.డి. దీపము 3 వాట్లది. అది పదిగంటలు వెలిగినను రెండున్నర ఆంపియరు-గంటలు మాత్రమే పోవును. 130 ఎక్కడ, రెండున్నర ఎక్కడ? కుర్రవాడు దీపము మరచియున్నను ఈ పని జరుగదు, అతడు మరువనేలేదు. మిత్రుడు కాగితముపై ఆ లెక్క రెండుసార్లు వేసికొని చూచి, డ్రైవరువద్దకు పోయి, "తప్పు నాదేనప్పా, తొందరపడి అన్యాను" అనెను. అతడు నవ్వి, "ఇన్వర్టరు స్విచ్చి యాడుందో నాకూ సూపియ్యండన్నా, ఈసారి నేనే ఆపుతా" అనెను. రిలే వెల కొన్ని వందల రూపాయలు. సాయంకాలమునకు కదిరినుండి కొత్తది తెప్పించి బిగించిరి.

శ్రోతలు గుర్తుంచుకొనదగిన జాగ్రత్తలు కొన్ని కలవు. బ్యాటరీ తీగెలు విప్పునప్పుడు నెగటివును ముందుగా తీయవలెను, బిగించునప్పుడు దానిని చివర బిగింపవలెను. చేతి ఉంగరము, కడియము తీసి ప్రక్కన పెట్టవలెను. చార్జి యగుచున్న బ్యాటరీనుండి మండు స్వభావముగల హైడ్రోజను వాయువు వచ్చును; చెంత బీడీ గాని, అగ్గిపుల్ల గాని వెలిగింపరాదు. ఖాళీయయిన బ్యాటరీని అట్లే దినములకొలది ఉంచరాదు. పలకలపై గట్టి పొర పేరుకొని దాని శక్తి శాశ్వతముగా తగ్గును. మెయిను స్విచ్చి ఆపినచో అంతయు ఆగినదని నమ్మరాదు; గ్యాసు పరికరము, బండి జాడ తెలుపు ట్రాకరు వంటివి కొన్ని బండ్లలో ఆ స్విచ్చికి వెలుపల కలుపబడియుండును. ప్రాణావసరమైన మందును ఒక్క ఫ్రిజ్జునే నమ్మి ఉంచరాదు; మంచిరకము ప్లాస్కొకటి, మంచునకు తగులకుండ చుట్టుటకు గుడ్డయొకటి బండిలో నుండవలెను.

బండి నిలిపిన రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి, రెండు బ్యాటరీల వోల్టేజిని చిన్న పుస్తకములో వ్రాసికొనుట అన్నిటికంటె సులభమైన పని. మొదటి తెల్లవారే ఇంజను బ్యాటరీ అంకె ఇంటి బ్యాటరీతోపాటు దిగుచున్నచో ఆనాడే తెలియును; మూడవ దినమువరకు వేచి, మనిషిని నిందించు అగత్యము రాదు. మా మిత్రుని బండిలో ఇప్పుడు ఆ పుస్తకము డ్రైవరు సీటు ప్రక్కన నుండును. మొదటి పుటలో మేస్త్రీ చేతిపై వ్రాసికొనిన ఆ రెండు అంకెలును ఉన్నవి; వ్రాసినవాడు ఆ కుర్రవాడే.